సిప్రియన్ పేరున దాచిన చీజ్

మా ఊరి మ్యూజియం ఒకప్పుడు అపొలొనీ పిన్ని ఇల్లు. ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టి, యాభై ఏళ్ళకు పైగా ఒంటరిగా బతికింది. మోకాళ్ళు మొరాయించి మెట్లెక్కడం కష్టమయ్యాక, ఇంటిని సామానుతో సహా ఊరికి ఇచ్చేసి, చర్చి వెనక కట్టిన కొత్త ఫ్లాట్లలో కింది అంతస్తుకు మారింది. ఊరి కమిటీ వాళ్ళు పొగ పట్టిన దూలాలను తుడవకుండా, అరిగిన గడపను మార్చకుండా, గుమ్మం మీద ఒక బోర్డు తగిలించి మ్యూజియం అనేశారు. తాళాలు నాకు అప్పగించారు. టికెట్లు చింపడం, నేల ఊడవడం, చూడ్డానికి వచ్చినవాళ్ళ పిల్లలు పాత ఉయ్యాల ఎక్కకుండా కాపలా కాయడం నా పని. పెద్ద పనేం కాదు గానీ, ఆ ఇంట్లో ఒంటరిగా కూర్చోవడానికి మాత్రం గుండె ఉండాలి.

ప్రతి గురువారం మధ్యాహ్నం పిన్ని వచ్చేది. నల్ల గౌను, నల్ల తలగుడ్డ. వంటింట్లో పొయ్యి పక్కన చెక్క బల్ల మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా ఉండేది. వచ్చినవాళ్ళు ఆమెను మైనపు బొమ్మ అనుకునేవాళ్ళు. ఒకసారి జూరిక్ నుంచి వచ్చిన పెద్దమనిషి, ఎంత బాగా చేశారో అనుకుంటూ, ఆమె చేతిని గిల్లబోయాడు.

"గిల్లు నాయనా, గట్టిగా గిల్లు. టికెట్టు కొన్నావుగా," అంది పిన్ని.

ఆ మనిషి ఎగిరిపడిన ఎగురుకి గోడకున్న రాగి గిన్నెలు రెండు కింద పడ్డాయి. ఆయన వెళ్ళిపోయాక నేను కసురుకున్నాను.

"గుండె ఆగి పోతే ఏం చేసేదానివి పిన్నీ?"

"పోతే పోనీవే. మీ కమిటీకి ఇంకో బొమ్మ ఊరికే దొరికేది."

ఆమె నిజంగా చూడ్డానికి వచ్చేది గిన్నెల్నీ కాదు, ఉయ్యాలనీ కాదు. వంటింటి గోడ వారన, గాజుపెట్టెలో, రెండు చీజ్ దిమ్మలు ఉండేవి. ఎండి, కుంచించుకుపోయి, పాత చెక్కలా నల్లబడిన దిమ్మలు. ఒకదాని మీద ఆమె భర్త సిప్రియన్ పేరులోని మొదటి అక్షరం కాల్చిన ఇనుముతో వేసి ఉండేది. రెండోదాని మీద అపొలొనీది.

మా లోయలో పెళ్ళినాడు వధువు పేరున ఒకటి, వరుడి పేరున ఒకటి చీజ్ దిమ్మ పక్కన పెడతారు. ఉప్పు పెళ్ళికూతురే రుద్దుతుంది. అది పెళ్ళిలో తినడానికి కాదు, చావులో తినడానికి. మనిషిని పాతిపెట్టి వచ్చిన రోజున ఆ మనిషి దిమ్మను కోసి, రై రొట్టెతో, పీపాలో ముదిరిన వైన్‌తో ఊరంతా కలిసి తినాలి. ఊరు తింటేనే పోయినవాడి ఆకలి తీరుతుంది, తన దారిన తాను పోతాడు. తినకపోతే పైన కొండ మీద గడ్డకట్టిన మంచునదిలో, చలిలో, ఆకలితో తిరుగుతూనే ఉంటాడు. చదువుకున్నవాళ్ళు ఈ మాటకి నవ్వుతారు. నవ్వనివ్వండి. నవంబరులో ఆ మంచునది పగిలే చప్పుడు వింటూ ఇక్కడ ఒక్క రాత్రి పడుకున్నవాళ్ళెవరూ మర్నాడు నవ్వగా నేను చూడలేదు.

సిప్రియన్ పెళ్ళయిన ఏడాది తిరక్కుండానే పోయాడు. అప్పటికి నేను పుట్టలేదు, మా అమ్మ చెప్పగా విన్నాను. ఆగస్టు నెలలో కనుమ దాటి అవతలి లోయలో కంచరగాడిద బేరం ఉందని పొద్దున్నే బయల్దేరాడట. రెండు రోజుల్లో వస్తానన్నాడు. రాలేదు. ఊళ్ళో మగాళ్ళంతా తాళ్ళు, గడకర్రలు పట్టుకుని మంచునది అంతా వెతికారు. అవతలి లోయవాళ్ళు అలాంటి మనిషెవరూ మా వైపు దిగలేదన్నారు. అంటే మంచు చీలికలో పడ్డాడన్న మాట. అది అందరికీ తెలుసు. కానీ శవం లేనిదే పాతిపెట్టడం కుదరదన్నాడు అప్పటి పాదిరీ. పాతిపెట్టనిదే దిమ్మ కొయ్యడానికి వీల్లేదన్నారు పెద్దలు. ఇరవై రెండేళ్ళ పిల్ల, అటు భార్యా కాదు, ఇటు విధవా కాదు. దిమ్మ నేలమాళిగలో అలాగే ఉండిపోయింది.

అప్పటినుంచీ ఆమె ప్రతి గురువారం ఆ రెండు దిమ్మల్నీ తిరగేసి, ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డతో తుడిచేది. తుడవకపోతే పురుగు పడుతుంది. ఇంటిని ఊరికి ఇచ్చేశాక కూడా ఆ పని మానలేదు. గాజుపెట్టెలో వస్తువుల్ని ఎవరూ ముట్టుకోకూడదని కమిటీ అంది. గురువారం ఆమె వచ్చేసరికి నేను పెట్టె తాళం తీసి, కిటికీ వైపు తిరిగి నిలబడేదాన్ని. నేను చూడలేదు కాబట్టి ఆమె ముట్టుకోలేదు. కమిటీ అధ్యక్షుడు ఎరాస్మ్‌కి కూడా ఈ సంగతి తెలుసు. ఆయనా చూడలేదు.

ఎరాస్మ్ గురించి ఇక్కడే చెప్పెయ్యాలి. సిప్రియన్‌తో కలిసి తిరిగినవాడు, వెతకడానికి వెళ్ళినవాళ్ళలో అందరికంటే ముందు నడిచినవాడు. ఆ తరవాత ఏటా శీతాకాలం ముందు పిన్ని గుమ్మం పక్కన కట్టెలు కొట్టి పేర్చి, లోపలికి రాకుండా వెళ్ళిపోయేవాడు. కొన్నేళ్ళు గడిచాక ఒక్కసారి ధైర్యం చేసి అడిగాడట. నీ కోసం ఏం చెయ్యమన్నా చేస్తానన్నాడట. పిన్ని తలుపు సగమే తెరిచి, "వాడు ఆకలితో బయట నిలబడి ఉంటే, నిన్ను లోపలికి రమ్మని బల్ల దగ్గర ఎలా కూర్చోబెట్టమంటావు?" అందట. ఆయన మళ్ళీ అడగలేదు. వేరే పెళ్ళి కూడా చేసుకోలేదు. కట్టెలు మాత్రం ఆమె ఫ్లాటుకి మారేదాకా పేరుస్తూనే ఉన్నాడు.

బయట నిలబడి ఉండడమంటే పిన్నికి ఊరికే మాట వరసకి అన్న మాట కాదు. మంచు మొదలయ్యే రోజుల్లో, దీపాలు పెట్టే వేళకి, బయట చెక్క మెట్ల మీద అడుగులు వినిపించేవట. బూట్లకంటిన మంచు దులుపుతున్నట్టు గడపకి రెండు దెబ్బలు. గొళ్ళెం మాత్రం కదిలేది కాదు. ఆమె లేచి తలుపు తీసి, ఎవరూ లేకపోతే, ఒక గిన్నెడు పాలు, రొట్టెముక్క గడప మీద పెట్టి తలుపు వేసుకునేది.

"భయం వెయ్యలేదా పిన్నీ?" అని అడిగాను ఒకసారి.

"కట్టుకున్నవాడేగా, భయమెందుకే? బతికున్నప్పుడు మాత్రం ఏం మాట్లాడేవాడు? వచ్చి, తిని, పడుకునేవాడు. చచ్చాక మర్యాద ఎక్కువైంది, లోపలికి రావట్లేదు."

నవ్వుతూనే అంది గానీ నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అంతకు ముందటి నవంబరులో, చీకటి పడబోతుండగా, మ్యూజియం కిటికీలు మూస్తూ నేనూ విన్నాను ఆ దెబ్బల్ని. ఎవరో సందర్శకులు ఆలస్యంగా వచ్చారనుకుని, మూసే వేళయిందని అరుస్తూ తలుపు తీశాను. కొత్తగా పడిన మంచు మీద ఒక్క అడుగు గుర్తు లేదు. తాళం వేశానో లేదో కూడా చూసుకోకుండా ఇంటికి పరుగెత్తాను. ఆ సంగతి పిన్నికి చెప్పలేదు. చెబితే సంతోషించేది, నాకు ఆ సంతోషం చూడాలని లేదు.

వంటింటి కిటికీలోంచి మంచునది కొస కనిపిస్తుంది. నా చిన్నప్పుడు అది దేవదారు చెట్ల దాకా ఉండేది. ఇప్పుడు ఏటేటా కరిగి, వెనక్కి పోయి, బూడిదరంగు రాళ్ళు మిగిలాయి. అందరూ దాన్ని చూసి దిగులు పడతారు. పిన్ని మాత్రం ఆశగా చూసేది.

"మంచునది నడుస్తుందే. లోసాన్ నుంచి ఇంజనీర్లు వచ్చి మేకులు పాతి కొలిచారు. అది కిందికి నడుస్తుంటే అందులో ఉన్నవాడూ నడుస్తున్నట్టే కదా. ఇంటికే వస్తున్నాడు. ఎప్పుడూ నిదానమే వాడికి, పెళ్ళికి కూడా ఆలస్యంగానే వచ్చాడు."

"అందాకా నువ్వుండద్దూ?"

"అదేనే నా బాధ. వాడి దిమ్మ నా చేత్తో కొయ్యాలి. నేను పోతే ఎవరు కోస్తారు? నాది కోసుకుని తిని, వాణ్ణి గాజుపెట్టెలో వదిలేసి, వారానికోసారి దుమ్ము తుడుస్తారు మీరు."

నిజంగా అలాగే జరిగేది.

ఆ ఏడాది ఎండలు మండిపోయాయి. ఆగస్టు చివర్లో, పైన కొండ మీద విడిది నడిపే అతను, మంచు అంచున నల్లగా ఏదో కనిపించిందని దగ్గరికి వెళ్ళి చూశాడు. బూటు. బూటులో కాలు. పోలీసుల హెలికాప్టర్ సియోన్ నుంచి రాకముందే ఊరంతటికీ తెలిసిపోయింది. పిన్ని కర్ర పట్టుకుని, ఎండలో, మ్యూజియంకి వచ్చేసింది. అది గురువారం కూడా కాదు. గుమ్మంలో నిలబడి రొప్పుతోంది.

"వచ్చాడా?"

"వచ్చాడంట పిన్నీ."

బల్ల మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. నేను ఆమె ఏడవగా చూడడం అదే మొదటిసారి. తరవాత ముక్కు తుడుచుకుని, పెట్టె తియ్యమంది. ఆ రోజు నేను కిటికీ వైపు తిరగలేదు. ఆమె సిప్రియన్ దిమ్మను ఒళ్ళో పెట్టుకుని, గుడ్డతో తుడుస్తూ, నెమ్మదిగా దానితో మాట్లాడుతూ కూర్చుంది. ఏం మాట్లాడిందో నేను వినలేదు. వినకూడదనిపించింది.

నాలుగైదు రోజుల తరవాత ఎరాస్మ్ వచ్చాడు. పిన్ని అప్పటికి రోజూ వస్తోంది, దిమ్మ తుడుస్తూ, ఎవరెవరిని పిలవాలో, రొట్టెలెన్ని కాల్చాలో నాతో చర్చిస్తోంది. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని, గడప దగ్గరే ఆగిపోయాడు.

"అపొలొనీ, నీకొక మాట చెప్పాలి. పోలీసులు నాకు చెప్పారు. నీకు వాళ్ళు చెప్పడం కంటే నేను చెప్పడం మంచిది."

"చెప్పు. మొహం గుర్తుపట్టేలా లేదా?"

"ఉంది. మొహం బాగానే ఉంది. కానీ... వాడు ఒంటరిగా లేడు."

పిన్ని చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఎవరు?"

"లియోంటీన్. గుర్తుందా, పై లోయ పిల్ల. కింద ద్రాక్షతోటల్లో మనతోపాటు పనికొచ్చేది, ఎర్ర పూసల జూకాలు పెట్టుకునేది. జెనీవాలో ఎవరింట్లోనో పనికి చేరిందని అప్పట్లో అనుకున్నాం."

"అనుకున్నాం," అంది పిన్ని.

"ఇద్దరికీ కలిపి ఒకటే తాడు. పక్కనే ఒక సూట్‌కేసు ఉంది. వాడు ఆదివారం కోటు వేసుకున్నాడు."

కంచరగాడిద బేరానికి వెళ్ళేవాడు ఆదివారం కోటు వేసుకోడు. సూట్‌కేసు పట్టుకుని అసలే వెళ్ళడు. ఆ మాట మాలో ఎవరమూ అనలేదు. బయట ఎవరో సందర్శకులు గంట కొడుతున్నా నేను లేవలేదు.

పిన్ని అడిగింది. "సూట్‌కేసు ఎవరి చేతిలో ఉంది?"

"వాడి చేతిలో."

"నాకు ఒక్క రోజు కూడా నీళ్ళ బకెట్టు మోసిపెట్టలేదు," అంది. లేచి, దిమ్మను పెట్టెలో పెట్టి, కర్ర తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ గురువారం ఆమె రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు రొట్టెల దుకాణం దగ్గర గుమిగూడి తలో తీర్పూ చెప్పేశారు. ఆ చీజ్ పందులకి పడెయ్యాలని ఒకామె, పందులు మాత్రం ఏం పాపం చేశాయని ఇంకొకామె. వాళ్ళ నోళ్ళు మూయించడం నా వల్ల కాలేదు. సాయంత్రం పిన్ని ఫ్లాటుకి వెళ్ళాను. కిటికీ తెర వేసి, చీకట్లో కూర్చుని ఉంది.

"యాభై ఏళ్ళు పాలు పోశానే ఆ గడప మీద. ఎవరికి పోశాను?"

"పిన్నీ, ఇప్పుడవన్నీ ఎందుకు..."

"నువ్వు విను. నిద్రపట్టక రాత్రంతా అదే ఆలోచిస్తున్నా. మెట్ల మీద ఆ అడుగులు ఎప్పుడూ ఒకలా ఉండేవి కాదు. ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా. కుంటుతున్నాడేమో అనుకున్నాను. మంచులో పడి కాలు విరిగిందేమో, పాపం అనుకున్నాను." ఆమె నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. "కుంటడం కాదే అది. ఇద్దరూ వచ్చేవాళ్ళు. అందుకే లోపలికి రాలేదు. దాన్ని బయట నిలబెట్టి ఎలా వస్తాడు?"

ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు.

పోలీసుల పరీక్షలన్నీ అయ్యాక రెండు శవపెట్టెలు ఒకే బండిలో వచ్చాయి. లియోంటీన్ వైపు మిగిలింది ఒక్క మేనల్లుడు, మార్తిన్యీలో లారీ నడుపుతాడు. ఆమెను ఎప్పుడూ చూడనివాడు. మా లోయలో ఎవరూ లేరు, మీ ఊళ్ళోనే పాతెయ్యండి అన్నాడు. ఎదురు చెప్పే ఓపిక ఎవరికీ లేదు. చర్చి పక్క నేలలో సిప్రియన్‌కి ఒక గొయ్యి, కొంచెం ఎడంగా ఆమెకొకటి తవ్వారు.

పిన్ని వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. పాదిరీ ప్రార్థన చదువుతున్నంతసేపూ రెండు గోతుల మధ్య నిలబడింది. సిప్రియన్ మీద గుప్పెడు మట్టి వేసింది. లియోంటీన్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. జనం భోజనాలకి ఊరి హాలు వైపు కదులుతుంటే ఆమె నా మోచెయ్యి పట్టుకుని, "మ్యూజియం తాళం తియ్యి" అంది.

మేం వెళ్తుంటే ఎరాస్మ్ వెనకే వచ్చాడు. నేను వంటింటి తలుపు తీశాను. ఆయనే ముందుకొచ్చి, తన దగ్గరున్న తాళంచెవితో గాజుపెట్టె తెరిచి, సిప్రియన్ దిమ్మను రెండు చేతులతో ఎత్తి ఆమె ముందు బల్ల మీద పెట్టాడు.

"కమిటీకి నేను చెప్పుకుంటాను. ఏం చేసినా ఇది వాడిది. నీకు ఇష్టమైతే కొయ్యి, లేకపోతే లేదు."

"కోస్తాను. ఆ రెండోది కూడా ఇలా ఇవ్వు."

"రెండోది నీది."

"నాది కాబట్టే అడుగుతున్నాను. ఆ పిల్లకి కొయ్యాలి."

ఎరాస్మ్ మొహం ఎర్రబడింది. అంత నెమ్మది మనిషి అరవడం నేనెప్పుడూ వినలేదు.

"మతిపోయిందా నీకు? నీ కాపురం కూల్చిన మనిషికి నీ దిమ్మ పెడతావా?"

"పెళ్ళి కాని పిల్ల ఎరాస్మ్. దాని పేరున దిమ్మ పెట్టిందెవరు? వాడి ఆకలి తీర్చి పంపేస్తాం. మరి అది? ఒక్కత్తీ ఎక్కడికి పోతుంది? దానికి తెలిసిన గడప ఒక్కటే, వాడితో కలిసి ఇన్నేళ్ళూ వచ్చిన గడప."

"రానీ! రాళ్ళు విసురుతాను!"

"నువ్వు విసిరితే విసురు. వినేది నేను. ఇల్లు మారినా, చీకటి పడితే చెవులు రిక్కించుకుని కూర్చునేది నేను. దాని మీద నాకేం జాలి లేదు. ఉందనుకోకు. ఒక్కసారి కడుపు నింపి పంపించేస్తే నాకు నిద్ర పడుతుంది. నిద్రపోయి ఎన్నేళ్ళయిందో తెలుసా?"

ఎరాస్మ్ పెట్టె మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. "మరి నీ సంగతి? రేపు నీకేం కొయ్యాలి? దుకాణంలో ప్లాస్టిక్ కాగితంలో చుట్టి అమ్మేదా? నువ్వు పైన ఆ చలిలో తిరుగుతుంటే నేను కింద కూర్చుని వినాలా?"

ఆ మాటకి నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

"ఎరాస్మ్, నువ్వు ఒక్కసారి అడిగావు, నేను తలుపు సగమే తీశాను. మిగతా సగంలో వాడున్నాడు. ఇప్పుడు పంపకపోతే అక్కడ ఆ పిల్ల ఉంటుంది. చచ్చేదాకా నా తలుపు మళ్ళీ సగమే. పెట్టె తియ్యి."

ఆయన తీశాడు. దిమ్మను ఇవ్వడానికి మాత్రం ఆయనకు చేతులు రాలేదు. పిన్నే తీసుకుంది.

హాల్లో బల్లలు వేసి, రొట్టెలు పేర్చి, వైన్ పోసి ఉంచారు. సిప్రియన్ దిమ్మ మొదట వచ్చింది. కత్తి దిగలేదు. కసాయి ఇంటినుంచి చిన్న గొడ్డలి తెప్పించి, పిన్నే మొదటి దెబ్బ వేసింది. లోపల తేనెరంగులో ఉంది. పలచటి చెక్కులు తీసి పళ్ళెంలో అందించారు. అందరూ తలో ముక్కా తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. పాతకాలపు ఘాటు ముక్కుకి ఎక్కింది. వాళ్ళూ వీళ్ళూ దాని గురించే మాట్లాడుకున్నారు, సిప్రియన్ గురించి ఎవరూ మాట్లాడలేదు.

తరవాత రెండోది బల్ల మీదికి వచ్చింది. దాని మీద కాల్చిన అక్షరం అందరికీ కనిపించింది. హాల్లో మాటలు ఆగిపోయాయి.

పిన్ని గొడ్డలి ఎత్తి కొట్టింది. చెక్కులు తీసి, పళ్ళెంలో పెట్టి, "లియోంటీన్ కోసం" అని పక్కకి జరిపింది. పళ్ళెం ఒక చేతినుంచి ఇంకో చేతికి వెళ్ళింది. ఎవరూ తీసుకోలేదు. బతికున్న మనిషి చావు దిమ్మ తినడమంటే ఆ మనిషిని చేత్తో పట్టుకుని సాగనంపడమే. అంత పని ఎవరు చేస్తారు? పాదిరీ కూడా గ్లాసులోకి చూస్తూ పళ్ళేన్ని పక్కకి జరిపేశాడు. తినకుండా పళ్ళెం తిరిగొస్తే ఆ పిల్ల ఇక్కడే ఉండిపోతుంది. పిన్ని ఉన్న దిమ్మా పోగొట్టుకుని, గుమ్మంలో అడుగులూ పోక, రెండు విధాలా చెడుతుంది. ఆమె పళ్ళెం వెంటే కళ్ళు తిప్పుతోంది.

లారీ నడిపే మేనల్లుడికి ఇవేమీ తెలియవు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు కాబోలు, రెండు ముక్కలు తీసుకుని రొట్టెలో పెట్టుకుని నమిలాడు. పక్కనున్నామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బాగుంది గానీ ఉప్పు ఎక్కువైంది," అన్నాడు.

"నేనే రుద్దాను నాయనా," అంది పిన్ని. "పెళ్ళికూతుర్ని, చేతులు వణికాయి. తిను."

తను కూడా ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. పళ్ళు లేని దవడతో నెమ్మదిగా నానబెట్టుకుంటూ తింది. తన చావు భోజనం తాను తింటున్న మనిషిని చూస్తూ ఊరంతా బిగుసుకుపోయి కూర్చుంది. తరవాత ఆమె పళ్ళేన్ని బల్లకి అవతలి వైపు ఉన్న ఎరాస్మ్ ముందుకి తోసింది.

"నా వల్ల కాదు అపొలొనీ."

"ఏం చెయ్యమన్నా చేస్తానన్నావు ఒకప్పుడు."

"ఏదైనా అడుగు. ఇది కాదు."

"నేను అడిగేది ఇదే. ఇంకేం అడగను."

ఎరాస్మ్ ఒక ముక్క తీసుకున్నాడు. చాలాసేపు వేళ్ళ మధ్య పట్టుకుని ఉన్నాడు. నోట్లో పెట్టుకున్నాక తల వంచుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. కళ్ళనీళ్ళు మీసాల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. నమిలి, మింగాడు. పిన్ని ఆయన్నే చూస్తూ ఉంది. ఆమె అంత మెత్తగా ఎవరివైపూ చూడగా నేను చూడలేదు.

ఆయన పళ్ళేన్ని పక్కకి అందించాడు. పక్కన ఉన్నది నేను. పిన్ని నా వైపు తిరిగింది. నేనూ ఒక ముక్క తీసుకున్నాను.